గడప దాటని మినహాయింపు



ఈ ప్రసంగం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు పగలు కాలేజీలో అకౌంటెన్సీ చెప్పేవారు. సాయంత్రాలు బజారులో చీరల కొట్లకు లెక్కలు రాసేవారు. పాఠంలో ఉండే చిట్టాకూ కొట్లో ఉండే చిట్టాకూ ఎక్కడ తేడా వస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు నేను బడ్జెట్టు గురించో ద్రవ్యలోటు గురించో చెబుతానని నిర్వాహకులు అనుకున్నారట. అంత పెద్ద సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫోనులో కుప్పడం చీరలు, ఆవకాయ, చెక్క బొమ్మలు పెట్టి అమ్ముకునే మనిషి సర్కారుకు ఏ లెక్క చెప్పాలి, ఆ మనిషి గురించి సర్కారుకు ఇంకెవరు లెక్క చెబుతున్నారు అన్నదే నేను ఇవాళ ఎంచుకున్న విషయం. మాస్టారి సాయంత్రపు కొలువుకు దగ్గరగా ఉండే విషయం కూడా ఇదే.

అమ్మకపు పన్ను మన ఊళ్లకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి జనరల్ సేల్స్ టాక్స్ చట్టం ఉండేది. 2005 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో వ్యాట్ వచ్చింది. రెండింటికీ ఆధారం ఒకటే. కొట్టు ఒక ఊళ్లో ఉంటుంది, ఆ ఊరు ఒక అధికారి పరిధిలో ఉంటుంది, ఆ అధికారి వచ్చి బిల్లు పుస్తకం చూస్తాడు. ఆన్‌లైన్ అమ్మకం ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. అమ్మేది ఒక రాష్ట్రంలో, సరుకు ఉండేది రెండో రాష్ట్రంలోని గోదాములో, కొనేది మూడో రాష్ట్రంలో, డబ్బు వసూలు చేసేది నాలుగో చోట కార్యాలయం ఉన్న కంపెనీ. మరి పన్ను ఎవరిది? 2014లో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖకూ అమెజాన్‌కూ మధ్య వచ్చిన తగాదా దీని గురించే. ఆ కంపెనీ గోదామును తమ అదనపు వ్యాపార స్థలంగా చూపించుకున్న అమ్మకందారుల రిజిస్ట్రేషన్లకు శాఖ అభ్యంతరం చెప్పింది. తర్వాత గుజరాత్, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ లాంటి రాష్ట్రాలు ఆన్‌లైన్‌లో కొన్న సరుకు తమ సరిహద్దు దాటి లోపలికి వస్తే ప్రవేశ పన్ను వేశాయి. ఎవరికి తోచిన గేటు వాళ్లు కట్టుకున్నారు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక గేట్లు పోయాయి. గేటు దగ్గర చేసే పనిని చట్టం ప్లాట్‌ఫామ్‌కు అప్పజెప్పింది. జీఎస్టీ చట్టంలోని 52వ సెక్షన్ 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్లాట్‌ఫామ్ తన ద్వారా అమ్ముకునే ప్రతి ఒక్కరి నికర అమ్మకం మీద కొంత సొమ్ము పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఎవరి దగ్గర ఎంత పట్టుకుందో మరుసటి నెల 10వ తేదీలోగా జీఎస్టీఆర్-8లో చెప్పాలి. మొదట 1 శాతంగా ఉన్న ఈ టీసీఎస్ 2024 జూలై 10 నుంచి అర శాతానికి తగ్గింది. రేటు తగ్గడం కంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. అర శాతంతో ప్రభుత్వానికి వచ్చే ఆదాయం పెద్దదేమీ కాదు, అది ఎలాగూ అమ్మకందారుడి ఖాతాలో జమ అవుతుంది. ప్రభుత్వానికి కావలసింది ఆ డబ్బు వెంట వచ్చే సమాచారం. ఎవరు, ఏ నెలలో, ఎంత అమ్మారు అన్నది అమ్మకందారుడు నోరు తెరవక ముందే అటు చేరిపోతుంది.

ఆదాయపు పన్ను వాళ్లూ ఇదే దారి పట్టారు. 2020 అక్టోబరు 1 నుంచి 194-ఓ సెక్షన్ వచ్చింది, దాని కింద ప్లాట్‌ఫామ్ అమ్మకపు మొత్తంలోంచి టీడీఎస్ కోయాలి. చట్టంలో మొదట రాసిన రేటు 1 శాతం, 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. వ్యక్తిగతంగా గానీ హిందూ ఉమ్మడి కుటుంబంగా గానీ అమ్మేవాళ్లు ఏడాదికి 5 లక్షలు దాటకుండా ఉండి, పాన్ లేదా ఆధార్ ఇస్తే ఈ కోత ఉండదు. అవేవీ ఇవ్వకపోతే కోత 5 శాతం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి విద్యార్థులు పాత సెక్షన్ నంబర్లను మరీ కంఠస్థం పెట్టుకోనక్కర్లేదు. పద్ధతి గుర్తుంటే చాలు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కలో చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, రేట్లు మాత్రం నిజమైనవి. ఒక నెలలో ఒకామె ఆన్‌లైన్‌లో లక్ష రూపాయల చీరలు అమ్మింది. అందులో 20,000 రూపాయల చీరలు వెనక్కి వచ్చాయి. రంగు ఫోటోలో ఉన్నట్టు లేదని ఒకరు, పెళ్లి వాయిదా పడిందని ఒకరు పంపేశారు. మిగిలిన 80,000 మీద 5 శాతం చొప్పున 4,000 జీఎస్టీ, అది కొన్నవాళ్లు ధర మీద అదనంగా ఇచ్చింది. ప్లాట్‌ఫామ్ కమీషను, కొరియరు కలిపి 15,000 అనుకుందాం. ఆ సేవ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,700. నికర అమ్మకం మీద టీసీఎస్ 400. మొత్తం అమ్మకం మీద టీడీఎస్ 100. అన్నీ పోను బ్యాంకులో పడేది 65,800.

ఇప్పుడు చూడండి. బ్యాంకు పాస్‌బుక్కులో ఆమె నెల అమ్మకం 65,800లా కనిపిస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో 80,000. టీడీఎస్ వివరాల్లో లక్ష. అంకెలు మూడు, మూడూ నిజమే. ఆడిటరుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి అంకెనే టర్నోవరుగా చెబుతారు. పడిన డబ్బే అమ్మకం అన్నది కొట్లో కూర్చునేవాడికి అలవాటైన లెక్క. గల్లాపెట్టెలో పడింది వాడిదే కదా. ఇక్కడ అలా కాదు. చట్టం అడిగేది చీర ధర. కమీషను, కొరియరు ఆమె ఖర్చు కింద వేరే రాయాలి. టీసీఎస్ కింద పోయిన 400 ఆమె డబ్బే. పోర్టల్‌లోకి వెళ్లి ఆ జమను ఒప్పుకుంటేనే అది ఆమె క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. ఆ సంగతి తెలియక ఏళ్ల తరబడి అక్కడే వదిలేసిన వాళ్లున్నారు.

మూడు అంకెలు పొంతన కుదరకపోతేనే నోటీసు. ఆదాయపు పన్ను శాఖ 2021 నవంబరులో తెచ్చిన వార్షిక సమాచార నివేదిక, అదే ఏఐఎస్, తెరిస్తే టీడీఎస్ దారిన వచ్చిన అమ్మకం ఒక వరసలో, జీఎస్టీ రిటర్నుల నుంచి వచ్చిన టర్నోవరు ఇంకో వరసలో ఉంటాయి. రెండూ ఒకే చీరల గురించి. రెండూ కలిపి కూడి గుండె పట్టుకునేవాళ్లను ఓదార్చడం మా వృత్తిలో ఒక భాగమైపోయింది. ఆ వరస పక్కనే అభిప్రాయం నమోదు చేసే చోట 'ఈ సమాచారం మరోచోట ఇప్పటికే ఉంది' అని చెప్పే వీలుంది. చెప్పాలి. చెప్పకుండా ఊరుకోవడం మంచిది కాదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి దాచకుండా చెబుతాను. వ్యాపారస్తులకు నచ్చకపోవచ్చు. ప్లాట్‌ఫామ్ లెక్క చెప్పడం అన్యాయం కాదు. బజారులో అద్దె కట్టి, కరెంటు బిల్లు కట్టి, బిల్లు ఇచ్చి అమ్మే కొట్టుకు ఒక లెక్క, గదిలో కూర్చుని అంతకు పది రెట్లు అమ్మేవాడికి ఇంకో లెక్క అంటే అది ఎవరికీ సమ్మతం కాదు. కనిపించే అమ్మకానికి లెక్క అడగడంలో తప్పు లేదు. నేను తప్పు పట్టేది దాని పక్కనున్న ఇంకో నిబంధనను. ఆ నిబంధన ఎవరి మీద పడుతుందో చూద్దాం.

జీఎస్టీలో చిన్న వ్యాపారికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మొదట అది 20 లక్షలు. 2019 ఏప్రిల్ నుంచి వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు 40 లక్షలు చేశారు. కానీ కొన్ని రాష్ట్రాలు పాత హద్దులోనే ఉండిపోయాయి, వాటిలో తెలంగాణ ఒకటి. అంటే చీరాలలో చీరల కొట్టుకు 40 లక్షలు, పోచంపల్లిలో చీరల కొట్టుకు 20 లక్షలు. ఈ తేడా ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, తెలంగాణ అలా కోరుకుంది. అది ఆ ప్రభుత్వ ఇష్టం.

ఆన్‌లైన్‌లో అమ్మేవాడికి మాత్రం ఈ హద్దు వర్తించలేదు. చట్టం 24వ సెక్షన్, టీసీఎస్ పట్టే ప్లాట్‌ఫామ్ ద్వారా అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్టరు కావాలని చెప్పింది. చీరాల బజారులో 30 లక్షలు అమ్మేవాడికి నంబరు అక్కర్లేదు, ఫోనులో 3,000 అమ్మేవాడికి కావాలి. ఏళ్ల తరబడి ఇదే నడిచింది. 2023 అక్టోబరు 1 నుంచి సడలింపు ఇచ్చారు. హద్దులోపు ఉన్న చిన్న అమ్మకందారుడు పాన్, చిరునామా పోర్టల్‌లో ఇచ్చి ఒక నమోదు నంబరు తీసుకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ప్లాట్‌ఫామ్ మీద అమ్మవచ్చు. ప్లాట్‌ఫామ్ అతని దగ్గర టీసీఎస్ పట్టదు, అయినా అతని వివరాలు జీఎస్టీఆర్-8లో చెబుతుంది. అంతవరకు బాగానే ఉంది. షరతు ఇక్కడ వస్తుంది. అతను రాష్ట్రం దాటి ఒక్క వస్తువు కూడా అమ్మకూడదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే ఆర్డరును ప్లాట్‌ఫామే ఆపాలి.

ఆన్‌లైన్‌లో ఎందుకు అమ్ముతారు? పక్క వీధి వాళ్లకు అమ్మడానికైతే పక్క వీధే ఉంది కదా. చీరాల కుప్పడం చీర కొనేవాళ్లు చీరాలలో ఎంతమంది ఉంటారు? ఆ చీరను అడిగేది హైదరాబాదు, బెంగళూరు, చెన్నై. ఇందులో మన రెండు రాష్ట్రాల వాళ్లకు మాత్రమే తెలిసే చేదు ఒకటి ఉంది. 2014 జూన్ 2కు ముందు చీరాల నుంచి హైదరాబాదుకు చీర పంపితే అది రాష్ట్రంలోపలి అమ్మకం. ఇప్పుడు అంతర్రాష్ట్ర అమ్మకం. గద్వాల నేతగాడికి కర్నూలు పక్క ఊరు. తుంగభద్ర మీది వంతెన దాటి ఆన్‌లైన్‌లో ఒక చీర పంపితే సడలింపు పోతుంది. అదే చీర ఆదిలాబాదు దాకా పంపితే పోదు. చట్టం రాసినవాళ్లు దూరాన్ని కొలవలేదు, సరిహద్దును చూశారు.

సరిహద్దు ఎందుకు అంటే దానికి కారణం ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. జీఎస్టీ కొన్నవాడి రాష్ట్రానికి చెందే పన్ను. పాత కేంద్ర అమ్మకపు పన్ను అమ్మిన రాష్ట్రానికి చెందేది, ఇది దానికి ఎదురు. రాష్ట్రం దాటిన సరుకు మీద ఐజీఎస్టీ వేసి కేంద్రం ఆ వాటాను కొన్నవాడి రాష్ట్రానికి చేరవేయాలి. అమ్మేవాడు రిజిస్టరు కాకపోతే ఆ లెక్క ఎవరు కడతారన్నది ప్రశ్న. సరైన ప్రశ్నే. కానీ ఇదే ప్రశ్నను సేవల విషయంలో 2017 అక్టోబరులోనే పక్కన పెట్టేశారు. 20 లక్షల లోపు సేవలు అందించేవాడు రాష్ట్రం దాటి అందించినా రిజిస్టరు కానక్కర్లేదు. విజయవాడలో కూర్చుని చెన్నై పిల్లవాడికి ఫోనులో లెక్కలు చెప్పే మాస్టారు స్వేచ్ఛగా చెప్పుకోవచ్చు. అదే విజయవాడ నుంచి చెన్నైకి ఒక చీర పంపే ఇల్లాలికి రిజిస్ట్రేషన్ కావాలి. చెక్క బొమ్మల వంటి చేతిపని వస్తువులను రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకు కూడా 2017 సెప్టెంబరులోనే 20 లక్షల లోపు మినహాయింపు ఇచ్చారు. 2023 నాటి ఆన్‌లైన్ సడలింపులో మాత్రం ఆ చేతిపనికి ప్రత్యేకంగా తలుపు తెరవలేదు.

సరే, రిజిస్టరు కావచ్చు కదా, ఏం పోయింది అంటారు. ప్రతి నెలా గానీ మూడు నెలలకొకసారి గానీ రిటర్ను. అమ్మకం లేకపోయినా రిటర్ను. ఆలస్యమైతే అమ్మకం లేని రిటర్నుకు రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉన్నదానికి రోజుకు 50. ఆషాఢంలో మగ్గం ఆగినా రిటర్ను ఆగదు. 2024 జనవరి నుంచి జీఎస్టీఆర్-1లో ఏ ప్లాట్‌ఫామ్ ద్వారా ఎంత అమ్మారో వేరుగా చూపించే పట్టిక కూడా చేరింది. ఆడిటరు ఫీజు చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంటుంది గానీ, నెలకు రెండు మూడు చీరలు అమ్మే ఇంటికి అది ఒక చీర లాభం. కాంపోజిషన్ స్కీములో చేరితే 1 శాతంతో సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. 2023 అక్టోబరు నుంచి కాంపోజిషన్ వాళ్లను ప్లాట్‌ఫామ్‌ల మీదికి రానిచ్చారు, నిజమే. వాళ్లూ రాష్ట్రం దాటకూడదు.

ప్లాట్‌ఫామ్ గోదాము సంగతి ఇంకొకటి. సరుకు త్వరగా చేరాలని వేరే రాష్ట్రంలోని గోదాములో ముందే ఉంచితే ఆ రాష్ట్రంలో మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి. మీ సరుకే, మీ పాన్ మీదే, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించినా అది అమ్మకం లెక్కే, పన్ను కట్టాలి. 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం ఈ కష్టాన్ని గుర్తించింది. ప్లాట్‌ఫామ్‌ల ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్మే చిన్నవాళ్లు ప్రతి రాష్ట్రంలోనూ వ్యాపార స్థలం చూపించలేక పడుతున్న ఇబ్బంది తీర్చేలా సులువైన రిజిస్ట్రేషన్ పద్ధతికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇది మంచి కబురే. అయితే అది రిజిస్ట్రేషన్‌ను సులువు చేసే ఆలోచన. అసలు రిజిస్ట్రేషన్ అక్కర్లేని మనిషిని వదిలేసే ఆలోచన కాదు.

సర్కారు మన లెక్కలు చూడటం ఒకటి, చూసింది అర్థం చేసుకోవడం ఇంకొకటి. 2025 జూలైలో కర్ణాటకలో ఏం జరిగిందో పత్రికల్లో చదివే ఉంటారు. యూపీఐ ద్వారా వచ్చిన మొత్తాలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. పాలు, కూరగాయలు, రొట్టెలు అమ్మేవాళ్లకూ వెళ్లాయి. పన్నే లేని సరుకు, చుట్టాల నుంచి వచ్చిన చేబదులు, అమ్మకం, అన్నీ ఒకే అంకెలో కలిసిపోయాయి. బెంగళూరులో కొట్ల ముందు యూపీఐ లేదు, నగదు మాత్రమే అని బోర్డులు వెలిశాయి. చివరకు పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. నోటీసు పంపడానికి యంత్రం ఒక్క పూట తీసుకుంటే, ఆ వ్యాపారి భయం పోవడానికి చాలా కాలం పట్టింది.

బయటి దేశాల సంగతీ ఒకసారి చూద్దాం. అమెరికాలో మనవాళ్లున్న ఊళ్లలో గరాజుల్లోంచి చీరలు, టెంపుల్ జ్యువెలరీ అమ్మే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు 1099-కె అన్న కాగితం తెలుసు. చెల్లింపులు నడిపే కంపెనీలు ఏడాదికి 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటిన అమ్మకందారుడి లెక్క పంపాలన్నది పాత నిబంధన. 2021లో చట్టసభ దాన్ని ఒక్కసారిగా 600 డాలర్లకు దించింది. పాత సోఫా అమ్ముకున్నవాడికి కూడా కాగితం వస్తుందని గగ్గోలు పుట్టింది. పన్ను శాఖ ఆ అమలును వాయిదా వేస్తూ పోయింది. చివరికి 2025 జూలైలో వచ్చిన చట్టం మళ్లీ 20,000, 200 దగ్గరికే తెచ్చింది. కాగితం రాకపోయినా లాభానికి పన్ను ఉందన్న మాట అక్కడా మారలేదు. యూరప్‌లో ఏడాదికి 30 లోపు అమ్మకాలు, 2,000 యూరోలు దాటని మొత్తం ఉంటే ప్లాట్‌ఫామ్ ఆ అమ్మకందారుడి పేరు పన్ను శాఖకు పంపనక్కర్లేదు. ఆ దేశాల దగ్గర నేను మెచ్చుకునేది ఈ ఒక్కటి. చూడాల్సిన అవసరం ఎక్కడ మొదలవుతుందో ముందే నిర్ణయించుకున్నారు.

మరి మన దగ్గర ఏం చేయవచ్చు? నాకు తోచింది చెబుతాను. 2022 జనవరి 1 నుంచి ఆహారం తెప్పించే యాప్‌ల ద్వారా అమ్మే హోటలు భోజనానికి పన్ను హోటలు కట్టదు, యాప్ కడుతుంది. చట్టంలో 9వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ దీనికి ఆధారం. అందువల్ల హద్దులోపు ఉన్న చిన్న హోటలు రిజిస్ట్రేషన్ లేకుండానే యాప్ మీద అమ్ముకుంటోంది, పన్నూ పోవడం లేదు. నమోదు నంబరు తీసుకున్న చిన్న అమ్మకందారుడు రాష్ట్రం దాటి అమ్మితే ఆ ఐజీఎస్టీని ప్లాట్‌ఫామే కట్టే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? కొన్నవాడి రాష్ట్రానికి దాని వాటా చేరుతుంది. ప్లాట్‌ఫామ్ దగ్గర అమ్మేవాడి పాన్ ఉంది, కొన్నవాడి పిన్‌కోడు ఉంది, బిల్లు ఉంది. ఎలాగూ ప్రతి నెలా జీఎస్టీఆర్-8 వేస్తూనే ఉంది.

అభ్యంతరాలు లేకపోలేదు. ఆ ఉపసెక్షన్ సేవలకు మాత్రమే. వస్తువులకు తేవాలంటే చట్టం మార్చాలి, అంటే పార్లమెంటు కదలాలి. చిన్నవాడికి నూలు మీద, రంగుల మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ప్లాట్‌ఫామ్ కమీషను మీది 18 శాతం కూడా రాదు. పన్ను రేటు ఎవరు నిర్ణయిస్తారన్న చిక్కు కూడా ఉంది. చీర 5 శాతమే గానీ, ఆ చీరతో కలిపి అమ్మిన ఇమిటేషన్ గాజుల సెట్టు సంగతేమిటి? తప్పు రేటు వేస్తే వడ్డీ ప్లాట్‌ఫామ్ మీద పడుతుందా, ఫోటో పెట్టినామె మీద పడుతుందా? నన్నడిగితే, సరుకు గురించి నిజం చెప్పే బాధ్యత ఆమెది, దానికి రేటు వేసే బాధ్యత ప్లాట్‌ఫామ్‌ది. ఇందులో ఒక మెలిక ఉందని నాకూ తెలుసు. ఆ బాధ్యత మీద పడుతుందని తెలిసిన రోజున ప్లాట్‌ఫామ్‌లు చిన్నవాళ్లను తీసుకోవడమే మానేయవచ్చు. కాబట్టి వాళ్లను కాదనకూడదన్న వాక్యాన్ని కూడా అదే సవరణలో రాయాలి.